పదిహేడో నంబరు తలుపు

నలభై అయిదు ముద్రలు పడ్డాయి. ఇంకా మూడు పడితే ఇల్లు వాళ్ళది.

పోయిన వారం మనం తాళాలాయన్ని వదిలిపెట్టింది ఈ లెక్క దగ్గరే. బావమరిది వ్యాను అప్పుకి హామీ సంతకం పెట్టిన పాపానికి ఆయన క్రెడిట్ స్కోరు పాతాళానికి పోయింది. బావమరిది వ్యానుతో సహా మాయమయ్యాడు. డౌన్ పేమెంట్‌కి చేతిలో పైసా లేదు. ఏడు బ్యాంకులు కుర్చీ చూపించకుండానే పంపించేశాయి. అలాంటివాడికి ఇల్లిస్తానన్న మనిషి ఈ లోకంలో ఒక్కడే దొరికాడు. గొడుగాయన. ఎండయినా వానయినా చంకలో నల్ల గొడుగు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు.

"అడ్వాన్సు వద్దు, బ్యాంకూ వద్దు. ఇవాళే ఇంట్లో చేరండి," అన్నాడు గొడుగాయన. "అద్దెకి మూడింతలు చొప్పున నలభై ఎనిమిది నెలలు కట్టండి. అయిదో తారీఖులోగా నా ఆఫీసుకొచ్చి కట్టాలి, ఈ నీలం పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. నలభై ఎనిమిదో ముద్ర పడ్డ మర్నాడు ఇల్లు మీ పేర రాసేస్తాను. ఒక్క ముద్ర తప్పితే మాత్రం కట్టిందంతా అద్దె కింద జమ. ఇరవై నాలుగు గంటల్లో ఖాళీ."

మొగుడూ పెళ్ళాం నాలుగేళ్ళు ఒక పూట తిని ఒక పూట మంచినీళ్ళు తాగి కట్టారు. ఒక్క ముద్ర తప్పలేదు.

ఇక ఈ నెల మూడో తారీఖు, ఉదయం ఎనిమిది గంటలకి, వీధి తలుపు తాళంలో చెవి విరిగింది.

*

విరిచింది తాళాలాయన భార్య. ఆసుపత్రి లాండ్రీలో ఆమెకి తొమ్మిదింటి డ్యూటీ. మొగుడు పెరట్లో గడ్డం గీసుకుంటున్నాడని వీధి తలుపు మూసి చెవి తిప్పితే సగం చేతిలోకి వచ్చింది, సగం లోపలే ఉండిపోయింది.

"ఏవండీ!" అని ఆమె కేకేసిన తీరుకి తాళాలాయన గడ్డం మీద సబ్బు నురగతోనే పరిగెత్తుకొచ్చాడు. ఆయన కంటే ముందు పక్కింటి బస్సక్క వచ్చింది.

బస్సక్క బడి బస్సు నడుపుతుంది. పద్దెనిమిదో నంబరు ఇల్లు ఆమెది. ఆమెది అంటే, ఇంకా కాలేదు. ఆమె దగ్గరా ఒక నీలం పుస్తకం ఉంది, అందులో నలభై మూడు ముద్రలున్నాయి. మొగుడు పోయాక మంచాన పడ్డ మామగారిని పెట్టుకుని ఇళ్ళ కోసం తిరుగుతుంటే, 'మా గొడుగాయన్ని అడుగక్కా, దేవుడులాంటి మనిషి' అని చెప్పింది తాళాలాయన భార్యే.

"బాగుంది సంబడం! ఊరందరి తలుపులూ తెరిచే మొనగాడు సొంత గుమ్మంలో ఇరుక్కున్నాడు," అంది బస్సక్క నవ్వు ఆపుకోకుండా. "ఏం తమ్ముడూ, మా బస్సు తాళం ఇమ్మంటావా? దాంతో ఇంజనే తిరుగుతుంది, ఇదెంత!"

"నువ్వు ముందు పిల్లల్ని బడికి చేర్చక్కా. ఆలస్యమైతే వాళ్ళమ్మలు నీ ఇంజను తిప్పుతారు."

బస్సక్క వెళ్ళిపోయింది. తాళాలాయన మొహం తుడుచుకుని స్క్రూడ్రైవరు తెచ్చాడు. భార్య ఆయన చెయ్యి పట్టుకుంది.

"తొమ్మిదో షరతు."

తొమ్మిదో షరతు ఇద్దరికీ కంఠతా వచ్చు. తలుపులకీ తాళాలకీ యజమాని అనుమతి లేకుండా చెయ్యి పెట్టరాదు. పదిహేనేళ్ళుగా తాళాలే బతుకైన మనిషి, నాలుగేళ్ళలో తన ఇంటి తాళాన్ని ఒక్కసారి కూడా విప్పి చూడలేదు. భార్య ఒట్టు వేయించుకుంది.

"ఆయనకి మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు," అన్నాడు తాళాలాయన. "తలుపు బార్లా తీసిపెట్టి పనికి పోదామా మరి?"

ఆమె భుజం మీది సంచి తీసి కింద పెట్టింది. "నేను సెలవు పెడతాను. మీరు కొట్టుకెళ్ళి అచ్చం ఇలాంటిదే తెచ్చి బిగించండి. ఆయన వచ్చి చూసినా తేడా తెలియకూడదు."

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని నాలుగు స్క్రూలు విప్పి తాళాన్ని తలుపు నుంచి ఊడదీశాడు.

మీరూ నేనూ అయితే అక్కడ ఒక గుంట మాత్రమే చూస్తాం. తాళాలు బిగించే మనిషికి తలుపు చెక్క ఒక చరిత్ర పుస్తకం. ఒక్కో రకం తాళానికి స్క్రూలు ఒక్కో చోట పడతాయి. తాళం మార్చినప్పుడల్లా పాత రంధ్రాలు పుట్టీతో పూడ్చి, పైన కొత్తది బిగిస్తారు. ఈ తలుపుకి పూడ్చిన రంధ్రాలు నాలుగు జతలున్నాయి. అంటే ఇది అయిదో తాళం.

ఒక ఇంటికి అయిదు తాళాలా? దొంగలు పడ్డ ఇంటికి కూడా అన్ని మార్చరు.

తాళాన్ని తిరగేశాడు. వెనకరేకు మీద పంచ్‌తో కొట్టిన చిన్న గుర్తు ఉంది. మూడు చుక్కలు, వాటి పక్కన నెల, సంవత్సరం.

తాళాలాయన ఆ గుర్తుని బొటనవేలితో రుద్ది మళ్ళీ చూశాడు.

ఆయన పనిచేసే కొట్టులో ఒక పద్ధతి ఉంది. బిగించిన ప్రతి తాళం వెనకా పనివాడు తన గుర్తు కొట్టాలి. ఏడాదిలోపు అది మొరాయిస్తే ఎవడి పనో తేలాలని మేస్త్రి పెట్టిన నియమం అది. ఒకడిది గీత, ఒకడిది సున్నా.

మూడు చుక్కలు ఆయనవే.

తారీఖు చూస్తే, వాళ్ళు ఈ ఇంట్లో చేరడానికి సరిగ్గా రెండు నెలల ముందు.

"ఏమైందండీ? అలా అయిపోయారేం?"

"ఏం లేదు. తుప్పు."

చెప్పాల్సింది. చెప్పలేదు. ఎలా చెప్తాడు? ఇల్లు ఖాళీ చేయించినప్పుడు తాళం మార్చడానికి తాళాలవాడిని తీసుకెళ్తారు. అలాంటి పనులు ఆయన చాలా చేశాడు. ఈ వీధిలోనూ చేశాడు. వ్యానులో తీసుకొచ్చి దింపేవారు, పావుగంటలో పని ముగించి ఎక్కేసేవాడు. ముప్పై రెండు ఇళ్ళూ ఒకే అచ్చు, అన్ని తలుపులకీ అప్పట్లో ఒకే గోధుమరంగు. ఎవరో అద్దె ఎగ్గొట్టి ఉంటారనుకున్నాడు. ఇల్లు చూపించడానికి గొడుగాయన మొదటిసారి ఈ వీధికి తీసుకొచ్చినప్పుడు ఇక్కడ తాళాలు మార్చిన సంగతి చెప్పబోయాడు. కానీ పక్కన భార్య మొహం వెలిగిపోతోంది. గదుల్లో తిరుగుతూ మంచం ఎక్కడ వెయ్యాలో, అద్దం ఎక్కడ పెట్టాలో అప్పుడే చెప్పేస్తోంది. ఆయన నోరు మూసుకున్నాడు.

ఇప్పుడు కూడా ముక్కుసూటిగా చెప్పలేక డొంకతిరుగుడుగా మొదలుపెట్టాడు.

"ఈ నెల డబ్బు రేపే కట్టాలా? ఒక్క రెండ్రోజులు ఆగుదామా?"

"అయిదో తారీఖు దాకానే గడువు. రెండ్రోజులాగితే ముద్ర తప్పుతుంది. మతుండే మాట్లాడుతున్నారా?"

"ఆ గొడుగాయన మీద నాకు ఎందుకో..."

"ఎందుకో ఏమిటి? నలభై అయిదు నెలలు లేని అనుమానం ఇవాళ పుట్టిందా? రెండు చేతులూ పొక్కిపోయేలా వేడినీళ్ళల్లో దుప్పట్లు ఉతికి కట్టాను నేను. ఇంకా మూడున్నాయనగా ఆగుదామంటారా? అసలు ఈ ఇల్లు మీకు ఇష్టమేనా?"

"నాకిష్టం లేకపోతే నాలుగేళ్ళు..."

"మీకు భయం. ఏ పనికైనా భయమే. బ్యాంకుల దగ్గరా ఇలాగే చేతులు నలుపుకుంటూ నిలబడ్డారు. గట్టిగా నాలుగు మాటలు మాట్లాడి ఉంటే..."

"బ్యాంకుల దగ్గర నేను చేతులు నలుపుకోవడానికి కారణం మీ తమ్ముడు!"

అన్నాక గానీ అన్నట్టు తెలియలేదు. ఏడేళ్ళలో ఆయన నోటివెంట ఒక్కసారీ రాని మాట అది. రాలేదనే ఆమె రోజూ ఆయనకి లోలోపల దణ్ణం పెట్టుకునేది. అది ఆయనకీ తెలుసు.

ఆమె ఏడవలేదు. నీలం పుస్తకం బల్ల మీద నుంచి తీసి కొంగుతో తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టింది.

"తాళం తెండి," అంది. "తలుపు తెరిచి ఉంది."

*

కొట్టు వీధికి ఆనుకుని సన్నగా పొడుగ్గా ఉంటుంది. గోడల నిండా మేకులకి వేలాడే చెవులు. లోపలికి అడుగుపెడితే ఇత్తడి పొడి వాసన ముక్కులోకి కొడుతుంది. మేస్త్రి కంటికి భూతద్దం తగిలించుకుని ఎవరిదో కారు చెవి అరగదీస్తున్నాడు. తాళాలాయన మేనమామ వయసు ఆయనకి. పని నేర్పింది ఆయనే, పెళ్ళికి అప్పిచ్చింది ఆయనే, ఆ అప్పు సగం మాఫీ చేసిందీ ఆయనే.

"ఏరా, ఇవాళ మధ్యాహ్నం డ్యూటీ కదా? ఇంట్లో తరిమేసిందా ఏం?"

తాళాలాయన సంచిలోంచి తాళం తీసి బల్ల మీద బోర్లా పెట్టాడు.

"ఇది ఎవరి గుర్తు మేస్త్రీ?"

మేస్త్రి చూశాడు. భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. అరగదీసే యంత్రం దానంతట అదే కాసేపు తిరిగి ఆగిపోయింది.

"మూడు చుక్కలు. నీదే."

"ఎక్కడ బిగించాను దీన్ని?"

"రోజుకి పది తాళాలు. నాకేం గుర్తు?"

"మీకు గుర్తుండక్కర్లేదు. ఖాతా పుస్తకంలో ఉంటుంది."

"ఖాతా పుస్తకంతో నీకేం పనిరా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"ఇది మా ఇంటి తలుపు నుంచి ఊడదీశాను మేస్త్రీ."

అంతే. మేస్త్రి మొహంలో ఆశ్చర్యం కనిపించాలి. కనిపించలేదు. తేలు కుట్టిన దొంగలా ఆయన చూపు ఒక్క క్షణం సొరుగు మీదికి పోయి వెనక్కి వచ్చింది. ఆ ఒక్క క్షణం చాలు. తాళాలాయన బల్ల అవతలికి వెళ్ళి సొరుగు లాగాడు. తాళం వేసి ఉంది. నవ్వొచ్చింది ఆయనకి, ఏడుపులాంటి నవ్వు. జేబులోంచి సన్నటి ఇనుప పుల్ల తీశాడు.

"వద్దు. విరుగుతుంది," అని మేస్త్రి నడుముకున్న చెవి తీసి విసిరాడు. "చూసుకో. చూస్తే నీకే నష్టం. చూడకపోతే ఇంకో మూడు రోజులు హాయిగా ఉండేవాడివి."

ఆ మాట చెప్పి తెర పక్కకి తోసి లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు.

మూడు రోజులా?

పొడుగాటి అట్ట పుస్తకం. పదే పదే పనులిచ్చే ఖాతాదారులకి ఒక్కొక్కరికీ రెండేసి పేజీలు. పేర్లు రాయడం మేస్త్రికి అలవాటు లేదు, గుర్తులే. ఒక పేజీ పైన చీపురు, ఒక పేజీ పైన గుర్రం. ఇరవయ్యో పేజీ తిప్పేసరికి పైన చిన్న గొడుగు బొమ్మ కనిపించింది.

పదహారేళ్ళ పనులు ఆ రెండు పేజీల్లో ఉన్నాయి. తారీఖు, ఇంటి నంబరు, పనివాడి గుర్తు.

తాళాలాయన వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు. తొమ్మిదో నంబరు. ఇరవై రెండు. పదిహేడు. మళ్ళీ తొమ్మిది. పదకొండు. పదిహేడు. పదిహేడు అన్న అంకె పడ్డ చోటల్లా తారీఖు చూసుకున్నాడు. ఒకసారికీ ఇంకోసారికీ మధ్య నాలుగేళ్ళు. కచ్చితంగా నాలుగు కాదు, నలభై ఎనిమిదికి రెండు మూడు నెలలు అటూ ఇటూ. పదిహేడో నంబరు తలుపుకి ఆ పుస్తకం ప్రకారం నాలుగుసార్లు తాళం మారింది. నాలుగోసారి ఎదుట మూడు చుక్కలున్నాయి.

నాలుగు కుటుంబాలు. అందరూ చివరి మెట్టు మీదికి వచ్చాకే జారిపడ్డారు.

ఆ చుక్కల మీద వేలు పెట్టగానే, ఇన్నేళ్ళూ ఎక్కడ దాక్కుందో, ఒక ఆడమనిషి గొంతు వినిపించింది.

ఆ రోజు ఆమె మెట్ల మీద నిలబడి ఉంది. చేతులు తడిగా ఉన్నాయి, గిన్నెలు తోముతూ తోముతూ బయటికొచ్చినట్టు. వ్యానులో తనతో వచ్చిన మనుషులు సామాను గేటు బయట పేరుస్తున్నారు. ఆమె ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి ఒకే మాట చెబుతోంది. చివరికి తాళం బిగిస్తున్న ఈయన దగ్గరికీ వచ్చింది.

"పుస్తకం ఆయన దగ్గరే ఉందండీ. సరిచూసి ఇస్తానని పట్టుకెళ్ళారు. డబ్బు కూడా ఇచ్చాను. ఒక్కసారి ఆయన్ని అడగండి బాబూ, మీరైనా."

తాళాలాయన నోట్లో అప్పుడు నాలుగు స్క్రూలున్నాయి. పనిచేసేటప్పుడు పెదాల మధ్య పట్టుకోవడం అలవాటు. నోట్లో స్క్రూలున్న మనిషి జవాబు చెప్పక్కర్లేదు. తలుపు చూడు, మనిషిని చూడకు. మేస్త్రి నేర్పిన మొదటి పాఠం. ఆయన తలుపు చూశాడు. ఒక్కో స్క్రూ తీసి బిగించాడు. మూడు చుక్కలు కొట్టాడు. వ్యాను ఎక్కాడు.

ఏ పుస్తకమో ఆ రోజు తెలియదు. ఇప్పుడు తెలిసింది.

చూపు పేజీ అడుగుకి జారింది. చివరి వరస. సిరా ఇంకా కొత్తగా నల్లగా మెరుస్తోంది. రాసింది పోయిన నెల ఇరవై ఎనిమిదిన. పని చేయాల్సింది ఈ నెల ఆరున, ఉదయం పదింటికి.

ఇంటి నంబరు: పదిహేడు.

పనివాడి గుర్తు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

తెర కదిలింది. మేస్త్రి బయటికొచ్చాడు. చేతిలో ఫోన్ ఉంది, దాన్ని జేబులో వేసుకున్నాడు.

"ఇవాళ మూడు," అన్నాడు తాళాలాయన. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "నా గడువు అయిదు. ఇంకా ముద్ర తప్పనే లేదు. తప్పుతుందని వారం కిందటే ఆయనకెలా తెలుసు?"

"తప్పించేవాడికి తెలీదట్రా?"

"నేను అక్కడ ఉంటున్నానని మీకు తెలుసు."

"చేరిన రోజే తెలుసు. ఇల్లు కొంటున్నానని ఈ బల్ల మీదే కదా మిఠాయి పెట్టెలు పేర్చావు."

"నాలుగేళ్ళు, మేస్త్రీ! రోజూ పక్కన కూర్చుని టీ తాగాం. ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదా?"

మేస్త్రి స్టూలు మీద కూలబడ్డాడు. ఒక్కసారిగా ఆయన ముసలివాడిలా కనిపించాడు.

"మొదటి రోజు చెబుదామనే అనుకున్నాను. నీ మొహం చూస్తే మాట రాలేదు. తర్వాత నెల చెబుదామనుకున్నాను. అప్పటికి నువ్వు రెండు కట్టేశావు. ఆర్నెల్లయ్యాక చెబితే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని నా గొంతు పట్టుకుంటావు. అలా రోజులు గడిచాయి. ఇంకో సంగతి చెప్పనా? వింటే కొడతావేమో, కొట్టు. ఈ కొట్టుకి సగం పని ఆ రెండు పేజీల్లోంచే వస్తుంది. నీ జీతం కూడా. నువ్వు నెలనెలా ఆయనకి కట్టేది ఆయన డబ్బేరా."

తాళాలాయన కొట్టలేదు. కొట్టడానికి చెయ్యి లేవాలి కదా.

"ఆరో తారీఖు ఎవర్ని పంపాలనుకున్నారు? నన్నేనా?"

"ఛ, నిన్నెందుకు పంపుతాను! నేనంత పాపాత్ముణ్ణి కాదు. ఆ రోజు నిన్ను పొరుగూరు పనికి పంపేసేవాణ్ణి." మేస్త్రి ఆ మాట నిజంగా దయగానే అన్నాడు. అదే భయంకరంగా ఉంది. "సాయంత్రం వచ్చేసరికి అంతా అయిపోయి ఉండేది. నీ కళ్ళతో చూడాల్సిన అవసరం లేకుండా."

"మా ఆవిడ చూసేది మేస్త్రీ. మెట్ల మీద నిలబడి."

ఆ మాట నోటినుంచి రాగానే తాళాలాయనకి ఇంకోటి గుర్తొచ్చింది. పుస్తకం. బల్ల మీద, తెరిచిన తలుపుకి పది అడుగుల దూరంలో, నీలం పుస్తకం. నలభై అయిదు ముద్రలకీ ఈ భూమ్మీద ఉన్న సాక్ష్యం అదొక్కటే. అది చేతిలో ఉన్నంతవరకూ గొడుగాయన కోర్టుకి పోయినా గెలవలేడు. అది చెయ్యి జారితే వీళ్ళు నాలుగేళ్ళుగా ఎవరింట్లోనో ఉచితంగా ఉన్నవాళ్ళు.

ఫోన్ తీశాడు. రెండు రింగులకే భార్య ఎత్తింది. పొద్దుటి గొడవ ఆనవాళ్ళే లేవు ఆ గొంతులో.

"మీకే చేద్దామనుకుంటున్నాను! మీకు నూరేళ్ళు. ఎవరొచ్చారో చెప్పుకోండి?"

"పుస్తకం ఎక్కడుంది?"

"వినండి ముందు. గొడుగాయన వచ్చారు. మనింటికి, ఆయనంతట ఆయనే! ముద్ర కోసం మీరు ఇంత దూరం రావడమెందుకమ్మా, ఇటు పని ఉండి వచ్చాను, ఈ నెలది ఇక్కడే ఇచ్చెయ్యండి అన్నారు. ఇచ్చేశాను."

"పుస్తకం సంగతి చెప్పు!"

"అదే చెబుతున్నా కదండీ. ముద్ర ఆఫీసులో ఉందట. చివరి నెలలు కదా, పాత లెక్కలన్నీ ఒకసారి సరిచూసి, ముద్ర వేసి, ఇంటి కాగితాలతో కలిపి ఒకేసారి ఇస్తారట. సంచిలో పెట్టుకున్నారు. నేను టీ పెట్టిచ్చాను, తాగుతున్నారు. మీరు పొద్దున్న ఆ మాట అన్నారని నేనేం మనసులో పెట్టుకోలేదులెండి. మా తమ్ముడు చేసినదానికి మీరు కాబట్టి..."

"విను. నేను చెప్పేది జాగ్రత్తగా విను. ఆ పుస్తకం వెనక్కి తీసుకో. ఏదో ఒకటి చెప్పు. లాక్కో. ఆయన్ని గడప దాటనివ్వకు!"

ఆమె గొంతు తగ్గించి ఏదో అడగబోయింది. ఈలోగా ఇంకో గొంతు మెత్తగా పలికింది. "ఇలా ఇవ్వమ్మా, మీ ఆయనేగా? ఒక్క మాట మాట్లాడి ఇస్తాను." ఫోను చేతులు మారిన చప్పుడు. చెప్పులు వాకిట్లోకి నడిచిన చప్పుడు.

"ఏం నాయనా," అన్నాడు గొడుగాయన. "తలుపుకి తాళమే లేదేం? వస్తూనే చూశాను. తొమ్మిదో షరతు గుర్తుందా?"

తాళాలాయన మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి నేల చూపులు చూస్తున్నాడు.

"మీ మేస్త్రి ఇప్పుడే ఫోన్ చేశాడు. నువ్వు నా పేజీ చదివావట. చదువుకున్నవాడితో బేరం తేలిక. అందుకే సూటిగా చెబుతున్నాను. నాకు నీ ఇల్లే కావాలని లేదు. ఆరో తారీఖు కొత్త బేరానికి ఒక తలుపు కావాలి, అంతే. ఏ తలుపైతేనేం?"

"అంటే?"

"పేజీలో చివరి అంకె పదిహేడు ఉంది కదా. దాన్ని పద్దెనిమిది చేసుకోమని మీ మేస్త్రికి చెప్పు. నీ పుస్తకంలో ముద్ర ఇవాళే పడుతుంది. మిగిలిన రెండు నెలలూ మాఫీ. ఇల్లు ఎల్లుండే మీ పేర రాస్తాను. పద్దెనిమిదో నంబరు తాళం మాత్రం నువ్వే మార్చాలి. నీ చేత్తో, నీ గుర్తు కొట్టి. ఎందుకో తెలుసుగా? ఆ గుర్తు ఉన్నంతకాలం నువ్వు నా పేజీ గురించి ఎవరికీ చెప్పవు."

పద్దెనిమిదో నంబరు. మంచాన పడ్డ ముసలాయన. నలభై మూడు ముద్రలు.

"ఆ బస్సమ్మ పుస్తకం కూడా ఇవాళ సాయంత్రం తీసుకుందామనుకుంటున్నాను," అన్నాడు గొడుగాయన, వాన వస్తుందేమో అన్నంత మామూలుగా. "మీ ఆవిడ చెబితే ఇచ్చేస్తుందట కదా, అంత నమ్మకమట. సరే, తొందరేం లేదు. టీ ఇంకా సగం కప్పు ఉంది. నేను లోపలికెళ్ళి అది తాగేలోగా, అవునో కాదో నీ భార్యతో చెప్పెయ్యి."

చెప్పుల చప్పుడు మళ్ళీ లోపలికి నడిచింది. కుర్చీ కిర్రుమంది. ఫోను మళ్ళీ చేతులు మారింది.

మేస్త్రి నెమ్మదిగా ఖాతా పుస్తకం తన వైపు తిప్పుకున్నాడు. కలం మూత తీశాడు. పదిహేడు మీద నిబ్బు ఆనించీ ఆనించకుండా పట్టుకుని, తాళాలాయన మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఏవండీ," అంది భార్య. "మబ్బు పట్టింది, బస్సక్క బట్టలు తీగ మీదే ఉన్నాయి, పరిగెత్తుకెళ్ళి తీసుకురావాలి. తొందరగా చెప్పండి. ఆయన కప్పు కింద పెట్టేశారు. మీ ఆయన ఏమన్నాడమ్మా అని నన్నడుగుతున్నారు. ఏమని చెప్పను?"